క్వీటో లో క్లినికల్ రొటేషన్ + స్పానిష్ ఇమ్మర్షన్ ప్రోగ్రాం: మూడున్నర లక్షలు పెట్టొచ్చా?

అడిగింది క్లుప్తంగా ఇది. హిందూపురం అబ్బాయి, బెంగళూరు లో ఎంబీబీఎస్ ఫైనల్ ఇయర్ అయిపోవచ్చింది, ఇంకొన్ని నెలల్లో ఇంటర్న్‌షిప్ మొదలు. ఒక ఏజెన్సీ వాళ్ళు ఈక్వెడార్ రాజధాని క్వీటో లో ఆరు వారాల ప్రోగ్రాం చూపించారు. పొద్దున హాస్పిటల్ లో రొటేషన్ (వార్డుల్లో డాక్టర్ల వెంట ఉండి నేర్చుకోవడం), మధ్యాహ్నం స్పానిష్ క్లాసు, ఉండటం అక్కడి వాళ్ళింట్లోనే, ఫ్లైట్ కాకుండా మూడున్నర లక్షలు. "ఫుల్ హ్యాండ్స్ ఆన్ ఉంటుంది, యూఎస్ రెసిడెన్సీకి బాగా కలిసొస్తుంది" అన్నారంట. ఫోన్ యాప్ లో కొంచెం స్పానిష్ వచ్చు. నాన్న డబ్బులు ఇస్తానంటున్నారు, కట్టేయమంటారా అని. చివర్లో నర్సింగ్ చదివిన వాళ్ళక్క కూడా వెళ్ళొచ్చా అని ఒక లైను పెట్టాడు.

తమ్ముడూ, యూఎస్ రెసిడెన్సీ, అంటే అక్కడి పీజీ ట్రైనింగ్, దాని కోసమే అయితే ఈ డబ్బు దీనికి పెట్టొద్దు. పేషెంట్ తో స్పానిష్ లో మాట్లాడటం రావాలి అనుకుంటే మాత్రం వెళ్ళు, చాలా బాగుంటుంది, కాకపోతే ఇంటర్న్‌షిప్ అయ్యాక వెళ్ళు, ఎనిమిది వారాలకి తగ్గకుండా వెళ్ళు, యాప్ స్పానిష్ తో వెళ్ళకు.

నేను కూడా బెంగళూరు లోనే చదివి ఇంటర్న్‌షిప్ అయ్యాక ఇలాంటి దానికే క్వీటో వెళ్ళా, ఇప్పుడు ఇక్కడే ఫ్యామిలీ మెడిసిన్ ప్రాక్టీస్, వెళ్ళబోయే జూనియర్స్ కొంతమందికి ఆదివారాలు ఆన్‌లైన్ లో స్పానిష్ లో కేస్ టేకింగ్ ప్రాక్టీస్ చేయిస్తుంటా. ఏ ఏజెన్సీతోనూ నాకు సంబంధం లేదు, కమిషన్ అసలే లేదు.

ముందు రెసిడెన్సీ సంగతి తేల్చేద్దాం. అమెరికా రెసిడెన్సీ ప్రోగ్రాంల వాళ్ళు అడిగే క్లినికల్ ఎక్స్‌పీరియన్స్ అంటే అమెరికా లో, అక్కడి హాస్పిటల్ లో, అక్కడి అటెండింగ్ (సీనియర్ డాక్టర్) కింద చేసింది. స్టూడెంట్ గా ఉన్నప్పుడు చేస్తే ఎలెక్టివ్, డిగ్రీ చేతికొచ్చాక చేస్తే ఎక్కువగా అబ్జర్వర్‌షిప్. ఆ అటెండింగ్ నిన్ను కళ్ళారా చూసి రాసిన లెటర్ కే విలువ. క్వీటో లో ఎంత గొప్ప డాక్టర్ కింద చేసినా అది ఆ లెక్కలోకి రాదు. 2022 జనవరి చివర్నుంచి అమెరికా డాక్టర్ లైసెన్స్ పరీక్ష మొదటి భాగం స్టెప్ 1 కి స్కోరు కూడా లేదు, పాసా ఫెయిలా అంతే, కాబట్టి రెండో భాగం స్టెప్ 2 సీకే, లెటర్లు, ఎలెక్టివ్‌లు వీటి మీదే భారం పెరిగింది. మూడున్నర లక్షలు, ఫ్లైటు ఖర్చు కలిపి చూసుకుంటే ఆ డబ్బుతో ఒక ఎలెక్టివ్ కో అబ్జర్వర్‌షిప్ కో మంచి దారే దొరుకుతుంది. "కలిసొస్తుంది" అన్నవాడిని ఎలా కలిసొస్తుందో మెయిల్ లో రాసిమ్మను, రాసివ్వడు.

మరి స్పానిష్ కి అక్కడ విలువే లేదా అంటే, ఉంది. 2020 సెన్సస్ ప్రకారం అమెరికా లో హిస్పానిక్ జనాభా 6.2 కోట్లు దాటింది, అంటే వందలో దాదాపు పంతొమ్మిది మంది, వాళ్ళలో సగానికి పైగా మెక్సికో మూలాల వాళ్ళే. రెసిడెన్సీ అప్లికేషన్ లో భాషల కాలమ్ కూడా ఉంటుంది, ఏ స్థాయిలో వచ్చో ఎంచుకోవాలి. అక్కడ ఎక్కువ చేసి రాశావో, ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నాయన స్పానిష్ లోకి మారిపోతే మొహం ఎక్కడ పెట్టుకుంటావ్. ఇంకో విషయం, ఫెడరల్ డబ్బు తీసుకునే హాస్పిటల్స్ అన్నీ ఇంగ్లిష్ సరిగా రాని పేషెంట్ కి అర్హత ఉన్న ఇంటర్‌ప్రెటర్ ని ఫ్రీగా ఇవ్వాలి, 2010 నాటి అఫర్డబుల్ కేర్ చట్టం లో సెక్షన్ 1557 అదే. అందుకే చాలాచోట్ల డాక్టర్ నేరుగా స్పానిష్ లో మాట్లాడాలంటే హాస్పిటల్ పెట్టే భాషా పరీక్ష పాసవ్వాలి, సగం సగం వచ్చినవాడు మాట్లాడితే ప్రమాదం అని వాళ్ళకి తెలుసు. ఆరు వారాల సర్టిఫికెట్ చూపించి ఆ పని చేయలేవు.

లెక్క చూడు. అమెరికా వాళ్ళ ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్, అంటే దౌత్యవేత్తలకి భాషలు నేర్పే సంస్థ, ఇంగ్లిష్ వాళ్ళు స్పానిష్ లో ఉద్యోగం చేసే స్థాయికి రావడానికి 600 నుంచి 750 క్లాసు గంటలు అంటుంది. మీ బ్రోచర్ లో రోజుకి నాలుగు గంటలు, వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు, అంటే 120 గంటలు. ఇంట్లో, బస్సులో, వార్డులో విన్నది కలుపుకున్నా సున్నా నుంచి మొదలెడితే ఎక్కడికొస్తావో నువ్వే అంచనా వేసుకో.

ఇక అసలు విషయం. ఆ ప్రోగ్రాం లో నీకు ఎంత దక్కుతుంది అన్నది హాస్పిటల్ ని బట్టి ఉండదు, విమానం ఎక్కేముందు నీకు ఎంత స్పానిష్ వచ్చు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎందుకో చెప్పాలంటే అక్కడి పొద్దున ఎలా ఉంటుందో చెప్పాలి.

క్వీటో లో మేము ఉన్న హాస్పిటల్ లో ఏడింటికల్లా వార్డులో ఉండాలి, తెల్ల కోటుని వాళ్ళు మాందీల్ అంటారు, అది లేకపోతే లోపలికి రానివ్వరు. బృందం లో పెద్దాయన త్రతాంతే, అంటే మన కన్సల్టెంట్. ఆయన కింద పోస్‌గ్రదీస్తాలు, వీళ్ళు మన పీజీలు. అందరికంటే కింద ఇంతెర్నో రొతతీవో, మన ఇంటర్న్ లాంటివాడే, రాత్రి డ్యూటీ చేసి కళ్ళు ఎర్రబడి ఉంటాడు, అయినా కేసు ప్రజెంట్ చేయాల్సింది వాడే. ఒక్కో బెడ్ దగ్గర రెండు మూడు నిమిషాలు. ఇంతెర్నో గడగడా చదివేస్తాడు, వయసు, ఎన్నో రోజు, రాత్రి జ్వరం ఎంత, యూరిన్ ఎంత, ల్యాబ్ ఏమొచ్చింది, త్రతాంతే మధ్యలో ఆపి ఒక ప్రశ్న, వాడు తడబడటం, పోస్‌గ్రదీస్తా అందుకోవడం, ఒక నవ్వు, తర్వాత బెడ్. మన వార్డు రౌండ్స్ కి దీనికి తేడా ఏమీ లేదు, అంతా తెలిసిన సీనే, భాష తప్ప. భాష రాకపోతే ఆ తెలిసిన సీన్ లో నువ్వు బృందం వెనక నిలబడి ఎక్స్‌రే వైపు చూస్తుంటావ్. మాతో పాటు వచ్చిన ఒక అమ్మాయి, చదువులో నాకంటే చాలా గట్టిది, స్పానిష్ మాత్రం "ఓలా, గ్రాసియాస్" వరకే. మొదటి వారం అందరూ ఆమెకి ఇంగ్లిష్ లో వివరించారు. రెండో వారం నుంచి పని ఎక్కువై మానేశారు. వాళ్ళ తప్పేం లేదు, ఎనభై పనులు పెట్టుకుని ఉన్నవాళ్ళు రోజూ ఎవరికి అనువాదం చేస్తారు. ఆ అమ్మాయి తర్వాత హాస్పిటల్ కి రావడం తగ్గించి ఊళ్ళు చూసింది.

బ్రోచర్లు చెప్పని మాట ఒకటుంది, నువ్వు బెంగళూరు లో చదివావు కాబట్టి ఈ పని సగం ఇప్పటికే చేసేశావ్. తెలుగు పిల్లలం ఇక్కడ మొదటిసారి వార్డుకి వెళ్ళినప్పుడు ఏం చేశాం? "ఎల్లి నోవు, ఎష్టు దినదింద, జ్వర ఇదెయా" (ఎక్కడ నొప్పి, ఎన్ని రోజుల నుంచి, జ్వరం ఉందా) అని చిన్న పుస్తకం వెనక పేజీలో రాసుకుని, ఒక కన్నడ ఫ్రెండ్ తో చదివించుకుని, పేషెంట్ ముందు అప్పజెప్పాం. ప్రశ్న అడగటం వారం లో వచ్చేసింది. జవాబు అర్థమవడానికి మాత్రం నెలలు పట్టింది, ఎందుకంటే కోలార్ పెద్దాయన ఒకలా చెప్తాడు, హుబ్బళ్ళి ఆమె ఇంకోలా చెప్తుంది. స్పానిష్ కూడా అచ్చం ఇంతే. ప్రశ్నలు బట్టీ పట్టడం సులువు, జవాబు వినడమే చదువు. యాప్ నీకు ప్రశ్న నేర్పుతుంది, జవాబు నేర్పదు.

ఇంకొకటి కూడా గుర్తుండే ఉంటుంది. అనంతపురం నుంచో మదనపల్లె నుంచో పేషెంట్ వస్తే పీజీ మనల్ని పిలుస్తాడు, "తెలుగు వాళ్ళు ఎవరున్నారు, ఇలా రండి" అని. మనం వెళ్ళేసరికి అప్పటికే పేషెంట్ అల్లుడు ఇంటర్‌ప్రెటర్ పని చేస్తుంటాడు. పెద్దావిడ రెండు నిమిషాలు చెప్తుంది, రాత్రిపూట ఆయాసం, రెండు దిండ్లు పెట్టుకుంటే గానీ పడుకోలేకపోవడం, కాళ్ళు బరువెక్కడం, అల్లుడు పీజీ వైపు తిరిగి "కొంచెం నీరసం అంతే సార్" అంటాడు. రెండు దిండ్ల మాట అక్కడే పోయింది, హార్ట్ ఫెయిల్యూర్ హిస్టరీ అంతా ఆ మాటలోనే ఉంది. ఆ రెండు దిండ్లు వినపడాలంటే పేషెంట్ భాష నీకు రావాలి, స్పానిష్ నేర్చుకోవడానికి నేను ఒప్పుకునే కారణం ఇదొక్కటే.

కాబట్టి వెళ్ళేముందు ఏ స్థాయికి రావాలి అంటే, ఏ2 పూర్తయి బీ1 మొదలైతే సరిపోతుంది (భాషా స్థాయిలు ఏ1 తో మొదలై సీ2 దాకా ఉంటాయి). ఇది నేను ఊరికే పెట్టిన గీత కాదు. హిస్టరీ టేకింగ్ అంతా భూతకాలం లోనే నడుస్తుంది, ఎప్పుడు మొదలైంది, ముందు ఎలా ఉండేది, ఇలా అంతకు ముందెప్పుడైనా వచ్చిందా. స్పానిష్ లో జరిగి అయిపోయినదానికి ఒక భూతకాలం, అప్పట్లో అలా జరుగుతూ ఉండేది అనడానికి ఇంకొకటి ఉంటాయి. "నొప్పి వచ్చింది" కి "నొప్పి వస్తుండేది" కి తేడా నీకు చెవిలో పట్టకపోతే అక్యూట్ (ఇప్పుడే వచ్చింది) ఏదో క్రానిక్ (ఎప్పటి నుంచో ఉన్నది) ఏదో ఎలా రాస్తావ్? ఆ రెండూ ఏ2 లో నేర్పుతారు. ఏ1 తో వెళ్తే వర్తమానం లోనే ఉండిపోతావ్.

ఎగ్జామినేషన్ కి కావాల్సినవి వేరే. రెస్పీరె ఓందో, గట్టిగా ఊపిరి పీల్చండి. తోసా, దగ్గండి. అక్వేస్తెసె, పడుకోండి. నో సె మువేవా, కదలకండి. ఇవన్నీ మర్యాద రూపం లోనే నేర్చుకో, యాప్ లు తరచుగా "నువ్వు" రూపం ముందు నేర్పుతాయి, అది అలవాటైపోయి డెబ్బై ఏళ్ళ పెద్దాయన్ని నువ్వు అనేస్తారు. క్వీటో వైపు మర్యాద ఎక్కువ, మన తెలుగువాళ్ళకి మీరు నువ్వు పుట్టుకతో వచ్చిందే కాబట్టి ఇది నీకు కష్టం కాదు, అమెరికా పిల్లలకే కష్టం.

అంకెలు విడిగా ప్రాక్టీస్ చెయ్. అరవై సెసెంతా, డెబ్బై సెతెంతా. మాస్క్ వెనక నుంచి, పక్కన మానిటర్ మోగుతుండగా, ఈ రెండూ ఒకటే వినిపిస్తాయి. బీపీ, డోసు, పుట్టిన సంవత్సరం, ఫోన్ నంబర్ అన్నీ అంకెలే. మా ఆదివారం క్లాసులో పది నిమిషాలు అంకెలే, ఒకరు వేగంగా చదవడం, మిగతావాళ్ళు రాయడం, తప్పైతే మళ్ళీ. బోరు కొడుతుందని అందరూ తిడతారు, వెళ్ళొచ్చాక మాత్రం అదే పనికొచ్చింది అంటారు.

ఎక్కడ నేర్చుకోవాలి అంటే, స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్టిట్యూతో సెర్వాంతెస్ ఢిల్లీ లో ఉంది, ఆన్‌లైన్ లో కూడా నేర్పుతారు. బెంగళూరు లో ప్రైవేటు క్లాసులు చాలానే ఉన్నాయి, టీచర్ లాటిన్ అమెరికా స్పానిష్ వినిపిస్తారా లేదా అడుగు. స్పానిష్ ఏ స్థాయిలో వచ్చో తేల్చే డెలె పరీక్ష రాస్తే ఆ డిప్లొమా కి ఎక్స్‌పైరీ ఉండదు, కాగితం కావాలి అనుకుంటే అది రాసుకో, ఏజెన్సీ సర్టిఫికెట్ కంటే వంద రెట్లు నయం.

పేషెంట్ల గురించి ఒకటి చెప్పాలి, ఇది నాకు ఇష్టమైన భాగం కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తా. క్వీటో కి చుట్టుపక్కల కొండ ఊళ్ళ నుంచి వచ్చే పెద్దవాళ్ళలో చాలామందికి మొదటి భాష అక్కడి ఆదివాసుల కిచువా, స్పానిష్ వాళ్ళకీ నేర్చుకున్న భాషే. ఒకసారి ఓపీ లో నల్ల టోపీ, శాలువా తో ఒక అవ్వ వచ్చింది, బీపీ మాత్రలు ఎలా వేసుకోవాలో పోస్‌గ్రదీస్తా వేగంగా చెప్పేశాడు, ఆమె ప్రతిదానికీ "సీ దొక్తోర్సీతో, సీ" (అవును డాక్టర్ బాబూ, అవును) అంటూ తల ఊపింది. ఆయన వెళ్ళాక నేను నా నత్తి స్పానిష్ లో మెల్లగా అడిగా, పొద్దున ఏది వేసుకుంటావు అవ్వా, చూపించు అని. రెండు స్ట్రిప్పులూ చేతిలో పట్టుకుని నా వైపు చూసింది. ఏదీ అర్థం కాలేదు, అడగటానికి మొహమాటం. మెల్లగా మాట్లాడే పరాయి మనిషి స్పానిష్ ఆమెకి సులువైంది, ఇద్దరం ఒకే బెంచీ మీద ఉన్నాం కాబట్టి. సీ అన్నారంటే అర్థమైందని రాసుకోకు, తిరిగి చెప్పమను. ఇది బెంగళూరు విక్టోరియా హాస్పిటల్ లో అయినా అంతే, ఊ కొట్టేవాళ్ళకి సగం అర్థమై ఉండదు.

ఇంకా అక్కడ ఒంట్లోకి చలి చేరింది కాబట్టి కడుపు నొప్పి అంటారు, బాలింత చన్నీళ్ళు ముట్టకూడదు అంటారు, కొన్ని తిండి వేడి, కొన్ని చలవ. పిల్లాడు రాత్రంతా ఏడిస్తే దిష్టి తగిలిందని కోడిగుడ్డుతో ఒళ్ళంతా తిప్పి తీస్తారు. నాతో ఉన్న విదేశీ స్టూడెంట్స్ ఇదంతా నోట్స్ రాసుకుంటుంటే నాకు మా అమ్మమ్మ ఇల్లే గుర్తొచ్చింది. ఇక్కడ మనకి లాభమే, పేషెంట్ "చలి చేసింది" అంటే మనం నవ్వం, ఎప్పటి నుంచి చేసింది అని అడుగుతాం, హిస్టరీ ముందుకి నడుస్తుంది.

మెడికల్ గా కొత్తవి కూడా ఉంటాయి. క్వీటో 2,850 మీటర్ల ఎత్తు. మామూలు ఆరోగ్యంగా ఉన్నవాడి ఆక్సిజన్ శాచురేషన్ 93 ఉన్నా ఎవరూ కంగారు పడరు, హీమోగ్లోబిన్ మనం చూసేదానికంటే ఎక్కువ ఉంటుంది, అందుకే ఎనీమియా గీతని ఎత్తుని బట్టి సర్దుకోమని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తుంది. ఇక్కడ పుస్తకం లో ఒక లైన్ గా చదివింది అక్కడ ప్రతి ల్యాబ్ రిపోర్టు లో కనిపిస్తుంది. చాగస్ జబ్బు మనకి ఎంసీక్యూ మాత్రమే, 1909 లో బ్రెజిల్ లో కార్లోస్ చాగస్ కనిపెట్టాడు, మట్టి గోడల సందుల్లో ఉండే నల్లిలాంటి పెద్ద పురుగు వల్ల వస్తుంది, గుండెని దెబ్బతీయొచ్చు, ఆ ఖండం లో అది ఇప్పటికీ నిజం జబ్బు, గుండె పెద్దదైన పేషెంట్ ఎవరొచ్చినా ఏ ఊరు, మట్టి గోడల ఇల్లా అని అడుగుతారు. ఇంకో చిన్న పిట్టకథ, క్వీటో పెద్ద సర్కారీ హాస్పిటల్ కి ఎవ్హేనియో ఎస్పేహో పేరు పెట్టారు, ఆయన అక్కడే పుట్టిన డాక్టర్, 1785 లో మశూచి మీద పుస్తకం రాశాడు, కంటికి కనపడని సూక్ష్మ జీవులే కారణం కావచ్చని అప్పుడే అన్నాడు. రౌండ్స్ లో ఒకసారి ఈ పేరు ఎత్తాను, త్రతాంతే ఆ రోజంతా నాకు బెడ్ దగ్గర ముందు వరస ఇచ్చాడు.

ఇప్పుడు ఆ "ఫుల్ హ్యాండ్స్ ఆన్" మాట. ఇది ఆకర్షణ కాదు, హెచ్చరిక. విక్టోరియా లోనో బౌరింగ్ హాస్పిటల్ లోనో పీజీ పక్కన లేకుండా నిన్ను చేయనివ్వని పని, పదివేల మైళ్ళ అవతల, లైసెన్సు లేకుండా, భాష రాకుండా, డబ్బు కట్టావు కాబట్టి చేయనిస్తామంటే, అక్కడి పేద పేషెంట్ మీద నువ్వు ప్రాక్టీస్ చేసుకుంటున్నావని అర్థం. ఒక జూనియర్ నాకు పంపిన బ్రోచర్ లో ఫస్ట్ ఇయర్ వాళ్ళు కూడా డెలివరీలు చేయొచ్చు అని రాసుంది, గొప్పగా, పెద్ద అక్షరాల్లో. నేను వద్దన్నా, వెళ్ళలేదు. గ్లోబల్ హెల్త్ ట్రైనింగ్ కి 2010 లో వచ్చిన వెయిట్ గైడ్‌లైన్స్ అని ఉన్నాయి, వచ్చిన స్టూడెంట్ తన ట్రైనింగ్ కి మించి చేయకూడదు, ఆతిథ్యం ఇచ్చిన హాస్పిటల్ కి భారం కాకూడదు అని అవి స్పష్టంగా చెప్తాయి. రేపు రెసిడెన్సీ ఇంటర్వ్యూలో "అక్కడ ఒంటరిగా కుట్లు వేశాను" అని గొప్పగా చెప్తే అవతలి వాళ్ళ మొహం మారిపోతుంది, అది నీకు మైనస్.

నువ్వు చేయదగ్గవి హిస్టరీ తీసుకోవడం, పర్మిషన్ తో ఎగ్జామిన్ చేయడం, వైటల్స్, రౌండ్స్ లో చిన్న కేసు చెప్పడం. భాష వస్తే ఇదే బోలెడంత.

టైమింగ్. ఇంటర్న్‌షిప్ లో వెళ్దాం అనుకుంటే వద్దు. 2021 నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్‌ఎంసీ) ఇంటర్న్‌షిప్ రూల్స్ ప్రకారం ఏడాది మొత్తానికి సెలవు 15 రోజులే, దాటితే ఎక్స్‌టెన్షన్. క్వీటో లో చేసిన రొటేషన్ ని ఇంటర్న్‌షిప్ పోస్టింగ్ గా లెక్కేస్తారు అని ఎవరైనా చెప్తే నమ్మకు. ఫైనల్ ఇయర్ రెండు భాగాల మధ్య ఎలెక్టివ్స్ ఉంటాయి కానీ అవి మీ కాలేజీ ఆమోదించిన చోటే. ఇంటర్న్‌షిప్ అయ్యాక, డిగ్రీ రిజిస్ట్రేషన్ కాగితాలు తిరిగే గ్యాప్ లో వెళ్ళడమే హాయి.

ఇక వేరే ఊళ్ళు. స్పానిష్ మాత్రమే ముఖ్యమైతే గ్వాటెమాలా లో ఆంటీగువా, షేలా అనే ఊళ్ళు దీనికే పేరు, ఒక టీచర్ కి ఒకే స్టూడెంట్, రోజుకి నాలుగైదు గంటలు, చవక కూడా. పెరూ లో కుస్కో అందం గానే ఉంటుంది కానీ 3,400 మీటర్లు, మొదటి రెండు మూడు రోజులు తలనొప్పితోనే పోతాయి, ఎత్తు పడకపోతే వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి నీకు చెప్పక్కర్లేదు. నన్నడిగితే అమెరికా వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళకి మెక్సికో లో వహాకా మేలు. ఎందుకంటే చెల్లుబాటయ్యే అమెరికా వీసా పాస్‌పోర్టు లో ఉంటే మెక్సికో కి మనవాళ్ళకి విడిగా వీసా అక్కర్లేదు, ఎలెక్టివ్ కో అబ్జర్వర్‌షిప్ కో తీసుకున్న వీసాతోనే ఈ పని కూడా అయిపోతుంది, పైగా రేపు నువ్వు అమెరికా లో చూసే స్పానిష్ పేషెంట్లలో ఎక్కువమంది మాట్లాడేది మెక్సికో స్పానిషే. ముందు ఎలెక్టివ్ కానీ అబ్జర్వర్‌షిప్ కానీ, అది అవ్వగానే వహాకా, ఇండియా నుంచి రెండుసార్లు వెళ్ళక్కర్లేదు.

ఈక్వెడార్ కే వెళ్తే ఇండియన్స్ కి 2019 నుంచి వీసా కావాలి. అమెరికా మీదుగా టికెట్ బుక్ చేస్తే అక్కడ విమానం మారడానికి కూడా వీసా అడుగుతారు, చవక టికెట్ అని కొనేసి ఎయిర్‌పోర్ట్ లో ఆగిపోయినవాళ్ళు ఉన్నారు. ఎల్లో ఫీవర్ టీకా మర్చిపోకు. ఈక్వెడార్, పెరూ, బొలీవియా నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆ కార్డు లేకపోతే ఇండియా లో దిగగానే ఆరు రోజుల వరకు క్వారంటైన్ లో పెడతారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఒకసారి వేస్తే జీవితాంతం చెల్లుతుంది. గవర్నమెంట్ గుర్తించిన సెంటర్లలోనే వేస్తారు, బెంగళూరు లో స్లాట్ దొరక్క రాత్రి రైలెక్కి చెన్నై గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్ లో వేయించుకుని వచ్చినవాళ్ళు నాకు తెలుసు. మెక్సికో, గ్వాటెమాలా కి ఈ తలనొప్పి లేదు. హెపటైటిస్ బీ యాంటీబాడీ టైటర్ (టీకా రక్షణ ఎంతుందో) చూసుకో, నీడిల్ స్టిక్ అయితే, అంటే పేషెంట్ కి వాడిన సూది గుచ్చుకుంటే, హెచ్ఐవీ సోకకుండా వాడే పీఈపీ మందులు 28 రోజులకి సరిపడా తీసుకెళ్ళు, 72 గంటల్లోపు మొదలెట్టాలి, ఆ కంగారులో తెలియని ఊళ్ళో ఫార్మసీ వెతకడం కష్టం.

తిండి విషయం ఒక్క ముక్క, నువ్వు శాకాహారివైతే "మాంసం తినను" అంటే చాలదు, చికెన్ పెడతారు, చేపా చికెనూ ఏదీ వద్దని ఒక్కోటీ పేరు పెట్టి చెప్పు. చారు పొడి, ఆవకాయ చిన్న సీసా సామాన్లలో పెట్టుకో. ఇంటి వాళ్ళతో కూర్చుని తినడం మాత్రం మానకు, వంటింట్లో వచ్చినంత స్పానిష్ క్లాసులో రాదు. ఇంటికి ఫోన్ చేయాలంటే అక్కడ పొద్దున ఏడు ఇక్కడ సాయంత్రం ఐదున్నర, అమ్మ టీ తాగే టైము.

అక్క సంగతి. నర్సింగ్ లైసెన్స్ కి అమెరికా లో ఎన్‌క్లెక్స్ అనే పరీక్ష పాసవ్వాలి, ఈ రొటేషన్ దానికి ఏమీ కలపదు. కానీ నెల్లూరు అమ్మాయి ఒకామె, చెన్నై లో ఐసీయూ లో పనిచేసేది, డ్యూటీలు చేస్తూనే రెండేళ్ళు స్పానిష్ చదివి, గ్వాటెమాలా లో కొన్ని వారాలు ఉండొచ్చి, ఇప్పుడు టెక్సాస్ లో ఉంది, స్పానిష్ వచ్చిన నర్సు అని షిఫ్టు లో అందరికీ ఆమే కావాలి. తమిళం వార్డులో నేర్చుకున్నట్టే నేర్చుకున్నా అంటుంది. అక్కకి కోరిక ఉంటే ముందు భాష క్లాసులో చేరమను, ప్రోగ్రాం తర్వాత చూద్దాం.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది, ఏజెన్సీకి ఒక మెయిల్ పెట్టు. నన్ను ఏ డిపార్ట్‌మెంట్ లో ఏ డాక్టర్ చూసుకుంటారు, హాస్పిటల్ నుంచి లెటర్ హెడ్ మీద అంగీకారం ఉందా, మూడున్నర లక్షల్లో హాస్పిటల్ కి, ఇంటి వాళ్ళకి ఎంత వెళ్తుంది, స్పానిష్ ఏ స్థాయి ఉంటే తీసుకుంటారు, నా స్థాయిలో ఏ పనులు చేయనివ్వరు. చివరి ప్రశ్నకి "అన్నీ చేయొచ్చు" అని వస్తే అక్కడితో ఆపేయ్. జవాబు వచ్చాక ఇక్కడే కింద పేస్ట్ చెయ్, పేర్లు తీసేసి. అప్పటిదాకా అడ్వాన్స్ కట్టొద్దని నాన్నగారికి చెప్పు, సీట్లు అయిపోతున్నాయి అని వాళ్ళు ఎన్నిసార్లు ఫోన్ చేసినా.